యంత్రపు మేలుకొలుపు - పరికర వృక్షం

పాతకాలపు వాల్వు రేడియో మీట త్రిప్పిన వెంటనే పలికేది కాదు. వాల్వులు వేడెక్కే దాకా కొంతసేపు ఆగవలసి వచ్చేది. ఆ కొంతసేపట్లో రేడియో దేనినీ వెదికేది కాదు, ఎవరినీ అడిగేది కాదు. తనకు స్పీకరు ఉన్నదా అన్న ప్రశ్నే దానికి లేదు. స్పీకరుకు పోవలసిన తీగ స్పీకరుకే అతికి ఉన్నది, అంతటితో సరి. కంప్యూటరు సంగతి అట్లా కాదు. ఎక్కడో ఎవరో వ్రాసిన ప్రోగ్రాము, మరెక్కడో మరెవరో తయారుచేసిన యంత్రంలో ప్రవేశించి దానిని నడపవలె. ప్రవేశించిన క్షణంలో ఆ ప్రోగ్రాముకు ఏమీ తెలియదు. మెమరీ ఎంత ఉన్నది, అది ఏ అంకె వద్ద మొదలవుతున్నది, గడియారపు తాళం ఎక్కడి నుండి వస్తున్నది, అక్షరాలను ఏ తీగ మీద బయటికి పంపవలె - మీట నొక్కిన ప్రతిసారీ ఈ ప్రశ్నలన్నీ మొదటి నుండి ఎదురవుతాయి. ఈ మేలుకొలుపునే ఇంజనీర్లు బూట్ అంటారు. సమాధానాలను ఎక్కడ వ్రాసి పెట్టవలె, ఎట్లా వ్రాస్తే నిద్రమత్తు వదలని యంత్రం వాటిని చదువుకోగలదు అన్నది కంప్యూటర్లతో పాటే పుట్టిన సమస్య. దాని చరిత్ర చిన్నదే గాని, అందులో జరిగిన బేరసారాలు తెలుసుకోదగినవి.

మన ప్రాంతానికి ఈ చరిత్రతో ఒక చుట్టరికం కలదు. పశ్చిమ గోదావరి జిల్లాలోని మోగల్లు గ్రామం పేరు చెప్పగానే అల్లూరి సీతారామరాజుగారి వంశీయుల ఊరు అని చాలామంది అంటారు. 1914లో అదే ఊరిలో అయ్యగారి సాంబశివరావుగారు జన్మించారు. కాశీ విశ్వవిద్యాలయంలోను, అమెరికాలోని స్టాన్‌ఫర్డ్‌లోను చదివి, హోమీ భాభాగారితో కలిసి పనిచేసి, 1967లో హైదరాబాదులో ఏర్పడిన ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియాకు ఆయన సారథి అయినారు. ఎ.ఎస్. రావు నగర్ అని హైదరాబాదులో పిలుచుకొనేది ఆయన పేరునే. 1969లో వెలువడిన టి.డి.సి.-12 అనే కంప్యూటరు ఆ సంస్థ కీర్తిలో తొలి మెట్టు. ట్రాంబే డిజిటల్ కంప్యూటర్ అన్న మాటలకు ఆ మూడక్షరాలు సంక్షేపం; 12 అన్నది అది ఒక్కసారిగా పట్టుకొనే అంకెల వరుస పొడవు.

ఆ తరం చిన్న కంప్యూటర్ల మేలుకొలుపు మనిషి చేతిలో ఉండేది. యంత్రం ముఖాన ఒక పలక, దాని మీద వరుసగా మీటలు. ఇంజనీరు ఆ మీటలను పైకీ క్రిందికీ వేస్తూ కొద్దిపాటి ఆజ్ఞలను ఒకటొకటిగా మెమరీలోకి ఎక్కించేవాడు. ఆ ఆజ్ఞలకు కాగితపు టేపును చదవడం ఒక్కటే తెలుసు. టేపు మీద ఉన్న పెద్ద ప్రోగ్రాము అట్లా లోపలికి వచ్చి అసలు పని మొదలుపెట్టేది. టేపు చదివే పరికరం ఏ సంఖ్యకు పలుకుతుందో ఎక్కడా వేరుగా వ్రాసి ఉండేది కాదు. మీటలు వేసిన మనిషికి తెలుసు, ప్రోగ్రాము వ్రాసిన మనిషికి తెలుసు. యంత్రపు వర్ణన అంతా మనుష్యుల తలలలోనే ఉండేదన్న మాట. యంత్రాలు పదుల లెక్కలో ఉన్నంత కాలం ఈ పద్ధతి చెల్లినది. లక్షల ఇళ్లకు, వేల రకాలుగా యంత్రాలు చేరే రోజున అది చెల్లదు.

వర్ణనను మనిషి తల నుండి యంత్రంలోకి దించిన వారిలో మిచ్ బ్రాడ్లీ పేరు ముందు చెప్పవలె. అమెరికాలోని సన్ మైక్రోసిస్టమ్స్ 1989లో స్పార్క్‌స్టేషన్ 1 అనే యంత్రాన్ని విడుదల చేసినది. దానిలో ఆయన రూపొందించిన ఓపెన్‌బూట్ అనే మేలుకొలుపు ప్రోగ్రాము ఉన్నది. అది ఫోర్త్ అనే పొదుపైన భాషలో వ్రాసినది. యంత్రంలో క్రొత్తగా ఒక కార్డును గ్రుచ్చితే ఆ కార్డే తన పరిచయాన్ని తన వెంట తెచ్చుకొనేది. ఆ పరిచయం కూడ ఫోర్త్‌లోనే ఉండటం వలన లోపల ఉన్న ప్రాసెసరు ఏ జాతిదైనా చదవగలిగేది. ఇట్లా వచ్చిన పరిచయాలన్నిటినీ ఓపెన్‌బూట్ ఒక చెట్టుగా అల్లి మెమరీలో నిలబెట్టేది. 1994లో ఈ పద్ధతికి ఐ.ఇ.ఇ.ఇ. 1275 అన్న ప్రమాణం ఏర్పడినది. మరుసటి ఏడు ఆపిల్ సంస్థ తన క్రొత్త మాకింటోష్‌లలో దానిని స్వీకరించినది.

చెట్టు అన్నది ఇక్కడ అలంకారం కాదు. ఏలూరు, తాడేపల్లిగూడెం ప్రాంతంవారికి దానిని వివరించడం సులభం. 1847లో కాటన్‌దొర ప్రారంభించి 1852 నాటికి ముగించిన ధవళేశ్వరం ఆనకట్ట వేరు అనుకొందాము. పడమటి గట్టున విజ్జేశ్వరం వద్ద తల తూము. అక్కడ బయలుదేరిన పెద్ద కాలువ కొమ్మలుగా చీలుతుంది. ఏలూరు కాలువ నిడదవోలు, తాడేపల్లిగూడెం మీదుగా ఏలూరు చేరుతుంది. నరసాపురం కాలువది వేరొక దారి, ఉండి కాలువది మరొక దారి. వాటికి పిల్ల కాలువలు, పిల్ల కాలువలకు బోదెలు, బోదె చివర చేను. ఏ చేనునైనా ఫలానా తూము, ఫలానా కాలువ, ఫలానా బోదె అని వేరు నుండి దారి చెప్పి గుర్తించవచ్చు. కంప్యూటరులోనూ అంతే. ప్రాసెసరు నుండి బయలుదేరిన పెద్ద బాట, దాని నుండి చిన్న బాటలు, వాటి చివర పరికరాలు. చీలిక వచ్చిన ప్రతిచోటును చెరకు కణుపుతో పోల్చి కణుపు అందాము. ప్రతి కణుపుకు ఒక పేరు, కొన్ని గుణాలు ఉంటాయి: నేను ఫలానా జాతి పరికరాన్ని, ఫలానా అంకె వద్ద పలుకుతాను, ఇంత వేగంతో నడుస్తాను.

సన్ వారి చెట్టు సజీవమైన చెట్టు. అడిగితే జవాబు చెప్పే ప్రోగ్రాము దాని వెనుక ఎల్లవేళలా కూర్చుని ఉండేది. ఆ వైభవానికి ఖర్చు కూడ తగినంత ఉన్నది. తక్కువ ధరకు చేసే చిన్న బోర్డులలో అంత పెద్ద ప్రోగ్రామును ఉంచే తయారీదారు ఎవరు? అదిగాక, లినక్స్ వంటి ఆపరేటింగ్ సిస్టమ్ పగ్గాలు చేపట్టిన తరువాత ఆ పాత ప్రోగ్రామును ప్రక్కన బ్రతికించి ఉంచడం చిక్కుగా ఉండేది. నడుస్తున్న ఒక కెర్నల్ నేరుగా మరొక కెర్నల్‌ను మేలుకొలపదలిస్తే, రెండవదానికి జవాబు చెప్పేవారు ఉండరు. 2005లో పవర్‌పిసి యంత్రాల కోసం లినక్స్‌ను ఏకం చేస్తున్న సమయంలో బెంజమిన్ హెరెన్‌ష్మిట్ ఇందుకొక ఉపాయం చేశారు. చెట్టును నిలబెట్టి ఉంచనక్కరలేదు, చదును చేసి ఒకే దస్త్రంగా వ్రాసి కెర్నల్ చేతికిస్తే చాలునన్నారు. దానిని తయారుచేసే సాధనాన్ని, చదివే సాధనాన్ని డేవిడ్ గిబ్సన్ వ్రాశారు.

చదును చేయడం అంటే ఏమిటో కాలువల లెక్కతోనే చూద్దాము. కాలువల వివరమంతా ఒకే పుస్తకంలో, పటం లేకుండా, మొదటి పంక్తి నుండి చివరి పంక్తి దాకా వరుసగా వ్రాయవలెనని అనుకొందాము. పెద్ద కాలువ మొదలు అని ఒక గుర్తు, దాని గుణాలు, దాని మొదటి కొమ్మ మొదలు, ఆ కొమ్మ గుణాలు, దాని పిల్ల కాలువ మొదలు, పిల్ల కాలువ ముగిసినది, కొమ్మ ముగిసినది, రెండవ కొమ్మ మొదలు. ఈ విధంగా మొదలు, ముగింపు గుర్తుల మధ్య చెట్టంతా ఇమిడిపోతుంది. పరికర వృక్షపు దస్త్రంలో మొదలుకు 1, ముగింపుకు 2, గుణానికి 3 అన్న అంకెలు గుర్తులు. 4 అంటే ఇక్కడ ఏమీ లేదు, దాటిపొమ్మని అర్థం. అన్నిటికీ చివర 9. తరచు వచ్చే గుణాల పేర్లను ప్రతిచోటా వ్రాయక దస్త్రం చివర ఒక్కసారి వ్రాసి, ఎన్నవ అక్షరం వద్ద ఉన్నదో మాత్రం సూచిస్తారు. దస్త్రం తలకట్టున ఒక ముద్ర ఉంటుంది. ఆ ముద్రలోని అంకెలను ఆంగ్లాక్షరాలుగా చదివితే 'డూడ్ ఫీడ్' అని ధ్వనిస్తుంది. ఎంత గంభీరమైన పనిలోనైనా ఈ కుర్రకారు తమ సరదా మానరు.

ఈ దస్త్రంతో లాభం ఏమిటి? దానిలో ఫలానా చోట చూడుమని మెమరీ చిరునామాలు చెప్పే సూచికలు ఉండవు. కాబట్టి దానిని మెమరీలో ఎక్కడికి తరలించినా చెడదు. చదవటానికి అదనంగా చోటు అక్కరలేదు. మార్చటానికి వీలులేని చిప్పులో ఉన్నా చదవవచ్చును. మేలుకొంటున్న యంత్రానికి ఇవి చిన్న వరాలు కావు. తన మెమరీ ఎంతో ఇంకా తెలియని ప్రోగ్రాము ఆ మెమరీలో చోటు అడగలేదు. మెమరీ ఎంతో తెలియాలంటే చెట్టును చదవవలె. చోటు అడగకుండా చదవగల చెట్టే ఈ ముడిని విప్పగలదు.

నష్టం నడకలో ఉన్నది. ఏలూరు కాలువ దగ్గర నిలబడి, దీని తరువాతి కొమ్మ ఏది అని అడిగితే, ఏలూరు కాలువ క్రింది పిల్ల కాలువలు, బోదెలు అన్నిటినీ చదివి దాటితే గాని జవాబు దొరకదు. ఒక బోదెను పట్టుకొని, నీ తల్లి కాలువ ఏది అంటే మరీ కష్టం. దస్త్రంలో వెనుకకు పోవటానికి దారి లేదు. మొదటి పుటకు వచ్చి మొదలు, ముగింపు గుర్తులను లెక్కపెట్టుకొంటూ ఆ బోదె దాకా మళ్లీ రావలె. గిబ్సన్‌గారి సాధనంలోనే, తల్లిని అడిగే పని ఖరీదైనదని, ప్రతిసారీ మొదటి నుండి వెదకవలసి వస్తుందని హెచ్చరిక వ్రాసి పెట్టారు. నిజాయితీ గల హెచ్చరిక. క్రొత్త కొమ్మను చేర్చాలంటే ఆ తరువాతి వ్రాతనంతా జరపవలె. తీసివేయడం మాత్రం తేలిక: జమాఖర్చుల పుస్తకంలో పంక్తిని కొట్టివేసినట్లు, ఆ మేర 4 అంకెతో నింపితే చాలును, ఏదీ జరపనక్కరలేదు.

ఇంకొక చిక్కు ఉన్నది. అది మన కొల్లేటి ప్రాంతాన్ని చూస్తే బాగా బోధపడుతుంది. గోదావరి డెల్టాకూ కృష్ణా డెల్టాకూ నడుమ పల్లంలో కొల్లేరు ఉన్నది. బుడమేరు, తమ్మిలేరు వంటి ఏరులు, రెండు డెల్టాల మురుగు కాలువలు దానిలో పడుతాయి. మిగిలిన నీరు ఉప్పుటేరు మీదుగా సముద్రానికి పోతుంది. ఇక్కడి ఒక చేనును తీసుకొంటే దానికి ఇద్దరు తల్లులు. నీరు ఇచ్చేది ఒక కాలువ, మురుగు తీసుకొనేది వేరొక కోడు. నీరు వచ్చే చెట్టు ధవళేశ్వరం నుండి విచ్చుకొంటూ దిగుతుంది. నీరు పోయే చెట్టు కొల్లేటి వైపు ముడుచుకొంటూ పోతుంది. చేలు అవే, చెట్లు రెండు. పుస్తకాన్ని సాగునీటి వరుసలో వ్రాస్తే మురుగు దారిని ఎట్లా చెప్పవలె? ప్రతి చేను ప్రక్కన, దీని మురుగు ఫలానా నంబరు కోడులోకి పోతుంది అని వ్రాయక తప్పదు.

కంప్యూటరులో పరికరం ప్రాసెసరును పిలిచే పిలుపుకు ఇంటరప్ట్ అని పేరు. ఆజ్ఞలు ఒక దారిన పరికరానికి దిగుతాయి. పిలుపు వేరొక దారిన పైకి పోతుంది. విద్యుత్తు ఇచ్చే చోటు, గడియారపు తాళం ఇచ్చే చోటు మరి వేరు. ఒక చెట్టులో ఇమడని ఈ సంబంధాలన్నిటికీ కణుపులకు నంబర్లు వేసి, ఆ నంబర్లతో సూచిస్తారు. ఈ నంబరును ఫాండిల్ అంటారు. చదును దస్త్రంలో ఫలానా నంబరు గల కణుపు ఎక్కడ ఉన్నదో చెప్పే పట్టిక లేదు. మళ్లీ మొదటి నుండి వెదకడమే. కాలువల చెట్టు సులువుగానే దిగవచ్చును; మనిషి అలసిపోయేది మురుగు దారి వెదికేటప్పుడే.

మరి ఈ కష్టాన్ని ఎవరెట్లా దాటారు? లినక్స్‌వారిది రెండు అంచెల పద్ధతి. మొదట చదును దస్త్రాన్ని ఉన్నదున్నట్లు చదివి అత్యవసరమైన విషయాలు మాత్రం తెలుసుకొంటారు: మెమరీ ఎంత, బూట్ లోడర్ పంపిన చీటీలో ఏమున్నది. మెమరీ చేతికి వచ్చిన తరువాత దస్త్రాన్ని విప్పి నిజమైన చెట్టుగా నిలబెడతారు. విప్పటానికి దస్త్రాన్ని రెండుసార్లు చదువుతారు. మొదటిసారి చోటు ఎంత కావలెనో కొలవటానికి, రెండవసారి నింపటానికి; బట్ట కొలవకుండా కత్తిరించరు గదా. విప్పిన చెట్టులో ప్రతి కణుపుకు తల్లి ఎవరు, తొలి బిడ్డ ఎవరు, తోబుట్టువు ఎవరు అన్న సూచికలు ఉంటాయి. తల్లిని అడిగితే వెంటనే చెబుతుంది. అయితే గుణాల విలువలను మళ్లీ వ్రాయరు. అవి పాత దస్త్రంలోనే ఉంటాయి, చెట్టు వాటిని చూపుతుంది. అందువలన చెట్టు నిలిచిన తరువాత కూడ దస్త్రాన్ని పారవేయటానికి వీలులేదు. ఇంత చేసినా నంబరు పట్టుకొని వెదకే పని వరుస నడకగానే మిగిలినది. బూట్ సమయంలో వేలసార్లు జరిగే ఆ వెదుకులాటను తగ్గించటానికి 2018లో, ఒకసారి దొరికిన నంబర్లను గుర్తుంచుకొనే చిన్న పట్టికను చేర్చారు. పదమూడేళ్లు ఆ నడకకు ఓర్చుకొన్నారంటే, పరికరాల సంఖ్య ఎంత పెరిగినదో ఊహించవచ్చును.

లినక్స్ కంటె ముందు మేలుకొనే యు-బూట్ అనే బూట్ లోడర్ స్థితి ఇంకా ఇరుకైనది. దాని తొలి మెట్టు కొన్ని పదుల కిలోబైట్ల చోటులో బ్రతకవలె. ఆ చోటులో చెట్టును చదివే సాధనమే పట్టని సందర్భాలు ఉన్నవి. 2016లో వారు వేరొక త్రోవ త్రొక్కారు: చెట్టును యంత్రంలో చదవడం మాని, ప్రోగ్రామును తయారుచేసే వేళలోనే చదివి, కావలసిన అంకెలను ప్రోగ్రాములో నేరుగా పొదిగారు. చోటు కలిసి వచ్చినది. కాని అట్లా చేసిన ప్రోగ్రాము ఆ ఒక్క బోర్డుకే పనికివస్తుంది. ఒకే స్టేషనుకు బిగించిన రేడియో వంటిది. తరువాతి మెట్టులో, చోటు దొరికిన చోట, లినక్స్ లాగా చెట్టును విప్పే ఏర్పాటును 2017లో చేర్చారు. ఒకే యంత్రం ఒకే మేలుకొలుపులో మూడు పద్ధతులనూ దాటవచ్చునన్న మాట: మొదట పొదిగిన అంకెలు, పిదప చదును దస్త్రం, చివరకు విప్పిన చెట్టు.

నా మట్టుకు, 2005 నాటి నిర్ణయం సరియైనదే అనిపిస్తుంది. నడక నెమ్మదియైన రూపాన్ని ఎంచుకొన్నారని విమర్శించవచ్చును గాని, చదును దస్త్రాన్ని కావలసినవారు విప్పుకోగలరు. విప్పిన చెట్టుగానే ఇచ్చి ఉంటే చోటు లేనివారికి అది అక్కరకు రాదు. ఒక్క విషయంలో మాత్రం ఫిర్యాదు చేయవచ్చును. పవర్‌పిసి కాలపు అలవాటు వలన దస్త్రంలోని అంకెలను పెద్ద స్థానం ముందుగా వ్రాస్తారు. నేటి యంత్రాలు చాలావరకు చిన్న స్థానం ముందుగా చదివేవి. కనుక ప్రతి అంకెను త్రిప్పి చదువుకోక తప్పదు. పూర్వుల ఇంటి గుమ్మం ఎత్తు వంటిది ఇది. తల వంచి వెళ్లడం అందరికీ అలవాటైపోయినది.

ఈ దస్త్రం పవర్‌పిసికే పరిమితమై ఉంటే ఈ ప్రసంగం అవసరమయ్యేది కాదు. సెల్‌ఫోన్లలో, టెలివిజను పెట్టెలలో ఉండే ఎ.ఆర్.ఎం. జాతి ప్రాసెసర్లకు అప్పట్లో వేరొక ఆచారం ఉండేది. ప్రతి బోర్డుకు ఒక నంబరు నమోదు చేసేవారు. బూట్ లోడర్ ఆ నంబరు చెప్పగానే కెర్నల్ తనలో వ్రాసి ఉన్న ఆ బోర్డు తాలూకు ప్రోగ్రామును నడిపేది. టి.డి.సి. కాలంలో ఇంజనీరు తలలో ఉన్న వర్ణన ఇప్పుడు కెర్నల్ తలకెక్కినదన్న మాట. నంబర్లు వేలకు చేరినవి. కొద్ది తేడాలతో అదే ప్రోగ్రామును మళ్లీ మళ్లీ వ్రాసిన గుట్టలు పేరుకొన్నవి. 2011 మార్చిలో లినస్ టోర్వాల్డ్స్ ఈ గుట్టలను చూసి బహిరంగంగా విసుగుకొన్నారు. ఆ తరువాత కొద్ది ఏళ్లలో ఎ.ఆర్.ఎం. బోర్డులు పరికర వృక్షానికి మారినవి. ఒకే కెర్నల్, ఎన్నో బోర్డులు, బోర్డుకొక దస్త్రం. 2012లో మరొక సర్దుబాటు కూడ వచ్చినది. ఒక పరికరానికి విద్యుత్తు ఇచ్చే వేరొక పరికరం ఇంకా మేలుకొనకపోతే, మొదటిది తొందరపడి విఫలం కాక, తరువాత రమ్మని ప్రక్కకు తప్పుకొంటుంది. తల తూము ఎత్తకముందే బోదెకు మడవ తీసి కూర్చోవడం వ్యర్థం గదా.

దస్త్రంలో వ్రాసినది తప్పయితే ఏమవుతుంది? కెర్నల్ దానిని నమ్ముతుంది. నమ్మటం తప్ప వేరే దారి లేదు. లేని మెమరీ ఉన్నదని వ్రాస్తే యంత్రం మేలుకొంటూనే కూలిపోతుంది. ఓర్చుకోగలిగిన వోల్టేజి కంటె ఎక్కువ వ్రాస్తే పరికరమే కాలిపోవచ్చును. కార్డు తన పరిచయాన్ని తానే తెచ్చుకొన్న సన్ కాలంలో ఈ భయం ఇంతగా లేదు. వర్ణన వస్తువు నుండి విడిపడి కాగితం కాగానే, కాగితానికీ వస్తువుకూ సరిపోకపోవడమన్న పాత వ్యాధి ప్రవేశించినది. భూముల లెక్కలతో పరిచయం ఉన్న మన రైతులకు ఈ వ్యాధిని గురించి చెప్పనక్కరలేదు. దస్త్రాల వ్రాత ఒక తీరున ఉండటానికి 2016 నుండి పరికర వృక్షానికి ప్రత్యేకమైన నిర్దేశ గ్రంథం ప్రచురిస్తున్నారు. ఒకసారి వెలువడిన దస్త్రాన్ని తరువాతి కెర్నల్‌లు కూడ చదవగలగాలన్న నియమం అందరూ ఒప్పుకొన్నదే. పాటింపు మాత్రం అన్నిచోట్లా సమంగా లేదు. కొందరు తయారీదారులు తమ కెర్నల్ ఒక్కటే చదవగల దస్త్రాన్ని వ్రాసి సరిపెడతారు. అటువంటి పెట్టె, తయారీదారు దానిని మరచిన నాటి నుండి పాతపడుతుంది. మరొక వైపు, ఓపెన్‌డబ్ల్యుఆర్‌టి అనే స్వచ్ఛంద బృందంవారు, తయారీదారులు వదిలివేసిన ఇంటర్‌నెట్ రౌటర్లకు తామే దస్త్రాలు వ్రాసి క్రొత్త ప్రోగ్రాములతో నడిపిస్తున్నారు. కొన్ని వందల పంక్తుల వర్ణన ఉన్న పెట్టె ఇంట్లో పనిచేస్తుంది, లేనిది పాత ఇనుములోకి పోతుంది.

మద్రాసు ఐ.ఐ.టి.లో రూపొందిన శక్తి ప్రాసెసరు ఆర్.ఐ.ఎస్.సి.-5 అనే బహిరంగ నిర్మాణ పద్ధతిని అనుసరించినది. 2018లో అది లినక్స్‌ను నడిపినది. ఈ పద్ధతిలో లినక్స్ కెర్నల్‌కు పగ్గాలు అప్పగించేటప్పుడు బూట్ లోడర్ దాని చేతిలో పెట్టేవి రెండే అంకెలు. మొదటిది, మేలుకొన్న ప్రాసెసరు భాగం ఎన్నవది అన్న అంకె. రెండవది పరికర వృక్షపు దస్త్రం మెమరీలో ఎక్కడ ఉన్నదో చెప్పే అంకె. కెర్నల్ ఆ చోటికి పోయి, తలకట్టున డూడ్ ఫీడ్ ముద్ర ఉన్నదో లేదో చూసి, మొదటి పంక్తి నుండి చదవటం మొదలుపెడుతుంది.